కండెన్సరు మార్చువారు

ఒక సీమకు రేడియో ఎప్పుడు వచ్చెను, టెలివిజన్ ఎప్పుడు వచ్చెను, ఇంటర్నెట్ ఎప్పుడు వచ్చెను అని రాకలను మాత్రమే లెక్కవ్రాయుట మనవారికి పరిపాటి. వచ్చిన యంత్రములు చెడిపోయిన పిమ్మట ఎవరి చేతిచలువవలన మరికొంతకాలము బ్రదికినవో వ్రాసినవారు అరుదు. కర్నూలు జిల్లా పడమటి భాగమున, నల్లరేగడి చేల నడుమ నున్న ఆదోని, యెమ్మిగనూరు పట్టణములందును తక్కిన తెలుగు పట్టణములందువలెనే వాల్వు రేడియోనాటినుండి ఇంటి రౌటరు వరకు తెగక సాగివచ్చిన చేతిపని యొకటి కలదు. ఎండిపోయిన కండెన్సరును ఊడదీసి క్రొత్తదానిని అతుకుటయే ఆ పని. చూడ నల్పమైనదే గాని, ఇంటింటి విద్యుచ్చరిత్రలో సగము దానియందే యిమిడియున్నదని నా యభిప్రాయము.

ఆదోని 1800లో నిజాము ఇంగ్లీషువారికి వదలుకొన్న దత్తమండలములలోనిది. 1871లో మద్రాసు రైలుమార్గము రాయచూరువద్ద బొంబాయి మార్గముతో కలియగా, ఆ దారిలోనున్న ఆదోనినుండి పత్తిబేళ్లు రెండు రేవులకును సాగిపోవు వీలు కలిగెను. యెమ్మిగనూరునకు రైలు లేదు, మగ్గము కలదు. అచ్చటి నేతవారిని కూడగట్టి మాచాని సోమప్పగారు సహకారసంఘమును స్థాపించినది 1938లో. ఆ యేటనే, జూన్ 16న, మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రము ప్రారంభమయ్యెను. అప్పటికి ఈ ప్రాంతము మద్రాసు రాజధానియందలి బళ్లారి జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు ఇటు వచ్చినవి, బళ్లారి మైసూరునకు పోయినది. తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వీధిలో వినవచ్చు ఇట్టి ఊళ్లకు 1948లో వచ్చిన విజయవాడ కేంద్రము, 1950లో వచ్చిన ధారవాడ కేంద్రము, అంతకుముందే యున్న హైదరాబాదు కేంద్రము అన్నియు కావలసినవే, అన్నియు దూరమే. దగ్గరలో కడప కేంద్రము వచ్చుటకు 1963 వరకు ఆగవలసివచ్చెను. దూరపు కేంద్రమును పట్టవలెనన్నచో పెట్టె ఒడలు సరిగానుండవలెను. మరమ్మతుదారునకు పని అచ్చటనే పుట్టినది.

విద్యుత్తును ఒకచోట నిలువజేయు విద్య 1745లో జర్మనీలో వాన్ క్లైస్ట్, ఆ మరుసటి యేట లైడెన్ నగరమున ముషెన్‌బ్రూక్ వేరువేరుగ కనుగొన్నది. వారి పరికరము కేవలము గాజుసీసా. మన రేడియోలలో చేరునప్పటి కది లోహపు డబ్బీగ మారెను. రెండు పలుచని అల్యూమినియము రేకుల నడుమ ద్రవములో తడిపిన కాగితము నుంచి, యెమ్మిగనూరు ఇండ్లలో కండెకు నూలు చుట్టినట్లు బిగువుగ చుట్టి, డబ్బీలో పెట్టి మూతవేసినదే ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు. ఆ తడి యున్నంతకాలమే దాని ఆయువు. తడి యారినచో, సెకనుకు 50 ఆవర్తనములతో దిశ మార్చు మన కరెంటు ఏకదిశకు తిరిగినను నునుపెక్కక, సెకనుకు 100 మారులు ఎగసిపడుచు స్పీకరులోనికి చొరబడి గుయ్యిమను రొదగ వినబడును. అనుభవజ్ఞుడు పెట్టెను విప్పకముందే, ఆ రొదను బట్టియే రోగమును చెప్పగలడు. విప్పిన తరువాత మొదట చేయవలసినది కండెన్సరులో మిగిలియున్న విద్యుత్తును ఖాళీచేయుట. వాల్వు రేడియోలో అది వందల వోల్టులుండును గనుక తొందరపడినవాని చేయి జివ్వుమనక మానదు.

ట్రాన్సిస్టరు వచ్చిన తరువాత వోల్టులు తగ్గినవి, డబ్బీలు చిన్నవైనవి, పని మారలేదు. హైదరాబాదులో 1967లో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. వారి టెలివిజన్లు గాని, ఇతరుల టేపురికార్డర్లు గాని, అన్నియు మరమ్మతుదారుని బల్లమీదికే చేరెను.

2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. వారు డేటావన్ పేర బ్రాడ్‌బ్యాండును ప్రారంభించి, టెలిఫోను వచ్చెడి రాగితీగమీదనే ఇంటర్నెట్‌ను పంపసాగిరి. దానితోకూడ ఇంటికి వచ్చిన మోడెము, ఆ తరువాతి వైఫై రౌటరు, రేడియోవలె సాయంకాలము రెండుగంటలు పాడి ఊరకుండునవి కావు. పగలనక రాత్రియనక వేడెక్కుచునే యుండును. కండెన్సరుమీద 105 డిగ్రీలని యుండును. మామూలు రకమైనచో ఆ వేడిలో 2000 గంటలు పనిచేయునని తయారీదారుని మాట. వేడి 10 డిగ్రీలు తగ్గిన కొలది ఆయువు రెట్టింపగునని ఈ శాస్త్రములో ఒక స్థూలసూత్రము కలదు. పెట్టెలోపల 65 డిగ్రీలున్నచో 32,000 గంటలు, అనగా మూడున్నరేండ్లకు పైమాట. 75 డిగ్రీలున్నచో 16,000 గంటలు, రెండేండ్లు కూడ నిండవు. వెలుపలనే 40 డిగ్రీలు దాటు ఆదోని వేసవిలో, పై అటకమీద పెట్టి, దుమ్ము పడకుండ పైన గుడ్డకప్పి (టెలివిజనుకు ముసుగువేసిన మర్యాద రౌటరునకును దక్కవలె గదా!) ఉంచిన పెట్టెకు ఏ లెక్క వర్తించునో వేరుగ చెప్పనక్కరలేదు. దీనికితోడు, 1999 మొదలు కొన్నేండ్లపాటు తైవాను కర్మాగారములు కొన్ని సరిపాళ్లు కుదరని ద్రవముతో చేసిన కండెన్సర్లు లోకమంతట వ్యాపించి, లోపల హైడ్రోజను వాయువు పుట్టి, నెత్తి ఉబ్బి, కంప్యూటర్లను, మోడెములను పాడుచేసెను.

రౌటరు రోగము రేడియో రోగమువలె చెవికి వినబడదు. దీపములు వెలుగుచునే యుండును, వైఫై మాత్రము గంటకొకసారి తెగును. లేదా పెట్టె తనంతట తానే ఆరి వెలుగును. ఇంటివారు లైనును నిందింతురు. దుకాణమునకు తెచ్చినవానిని మెకానిక్కు అడుగు మొదటిమాట, “అడాప్టరు యాడన్నా?” అనియే, ఏలయన తప్పు తరచుగ పెట్టెలో గాక గోడకు గుచ్చు ఆ నల్లముద్దలోని కండెన్సరులోనే యుండును, దానిని ఇంట వదలి వచ్చుట అందరికి నలవాటు. అడాప్టరు బాగున్నదని తేలిన పిమ్మటనే అడుగు రబ్బరు పాదములను లాగి, వాని క్రింద దాగిన మరలను విప్పవలెను. కరెంటు గుచ్చుచోటికి ప్రక్కనే 470 గాని, 1000 గాని మైక్రోఫారడ్ల, 16 వోల్టుల కండెన్సరు నిలిచియుండును. దాని నెత్తిమీది గాటు చదునుగనుండక పొంగియున్నచో తీర్పు చెప్పబడినట్లే. రెండు కాళ్లను మార్చి మార్చి వేడిచేయుచు మెల్లగ అటునిటు ఊపి తీయుదురు; భూమికాలు విశాలమైన రాగిపొరకు అతుకబడియుండును గనుక వేడిని త్రాగివేసి త్వరగ కరగదు, అచ్చట బలవంతముచేసినచో పొర లేచిపోవును. క్రొత్తదాని వోల్టులు పాతదానికంటె తగ్గరాదు, ఎత్తు మూతకు తగులరాదు, తెల్లచార యున్న ప్రక్క ఋణమునకే పోవలెను. తిరగబడినచో ఢామ్మని పేలవచ్చును.

పొంగని కండెన్సరు మంచిదని నమ్ముటయు తప్పే. లోపల ఎండినది పైకి చక్కగనే కనబడును. మామూలు మీటరులో మైక్రోఫారడ్లు కూడ సరిగనే చూపి, లోని నిరోధము మాత్రము పెరిగియుండవచ్చును. ఆ నిరోధమును కొలుచుటకు ఇ.ఎస్.ఆర్. మీటరు కావలెను. అది లేనిచోట అనుమానమున్న వన్నియు మార్చివేయుట వాడుక. పాత పెట్టెకు ఇంత శ్రమ దండుగ యనువారున్నారు. కొన్ని రూపాయల వస్తువుతో మరి రెండుమూడేండ్లు నడచు పెట్టెను పారవేయుటయే నాకు దండుగగ తోచును. అయితే ఏనాడో భద్రతాసవరణలు ఆగిపోయిన రౌటరునకు కండెన్సరు మార్చుట వలన గోడ గట్టిపడును గాని తలుపు తెరచియే యుండును. దానిని బాగుచేయించుకొమ్మని నేను చెప్పను.

2017 డిసెంబరు 27న ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ప్రారంభమైన పిదప, ప్రైవేటు ఫైబరు కూడ వీధులలోనికి వచ్చి, రాగితీగ క్రమముగ వెనుకబడెను. ఫైబరు పెట్టె చెడిపోయినచో చందాదారుడు తరచుగ దానిని తిప్పియిచ్చి వేరొకటి తెచ్చుకొనును, విప్పడు. మరమ్మతు బల్లమీదికి ఇప్పుడు ఎల్.ఇ.డి. దీపములు, ఇండక్షను పొయ్యిలు, ఇన్వర్టర్లు, ఫ్యానులు వచ్చుచున్నవి. దీపము మినుకుమన్నను, ఫ్యాను నెమ్మదించినను మెకానిక్కు మొదట అనుమానించునది కండెన్సరునే.