పారశీక మార్జాలము: వంశము, సంరక్షణము, భీమా



పిల్లిని గూర్చి రేడియోలోఁ బ్రసంగమేమని మీలోఁ గొందఱు నవ్వుకొనవచ్చును. మన యిండ్లలోఁ బిల్లికి పాలకుండ దగ్గఱ తిట్లును, ఎలుకలు పెచ్చుపెరిగినప్పుడు మన్ననయుఁ దప్ప వేఱు చరిత్ర యేమున్నదని యడుగవచ్చును. కాని ఒంగోలు గిత్త మూపురమును, నడకను జూచి వెల కట్టఁగల పెద్దలు మీరు. ఒక జంతువునకు వంశమును, వంశమునకు విలువయు, విలువకు భీమాయు నెట్లేర్పడునో మీకంటె బాగుగ గ్రహింపఁగలవా రెవ్వరు? కావున పొడుగు వెండ్రుకల పారశీక మార్జాలము కథ నేఁడు మీ ముం దుంచుచున్నాను.

1620 ప్రాంతమున పియెత్రో దెల్లా వల్లే యను ఇటలీ యాత్రికుఁడు పారశీక దేశమున సంచరించుచు, ఖొరాసాను సీమకుఁ జెందిన పిల్లులను జూచి ముగ్ధుఁడయ్యెను. పట్టువలె మెత్తనైన నిడుపాటి బొచ్చును, గుబురైన తోఁకయు గల యా జంతువులను స్వదేశమునకుఁ గొనిపోవఁ దలఁచి, ఆ సంగతి తన లేఖలలో వ్రాసెను. ఆ శతాబ్దముననే తుర్కీ దేశపు అంగోరా పిల్లులును ఫ్రాన్సు చేరినవి. ఈ రెండు తెగలును ఐరోపాలోఁ గాలక్రమమున నొండొంటితోఁ గలిసిపోయెను.

1871వ సంవత్సరము జూలై 13వ తేదీన లండనులోని క్రిస్టల్ ప్యాలెసు అను గాజుమేడలో గొప్ప పిల్లుల ప్రదర్శనము జరిగెను. దానిని నడపినవాఁడు హారిసన్ వియర్ అను చిత్రకారుఁడు. జనులు చులకనగాఁ జూచు నీ ప్రాణిని ఆదరించునట్లు చేయవలెనని యాయన సంకల్పము. ఏ జాతికి ఏ లక్షణము లుండవలెనో నిర్ణయించి పట్టికలు వ్రాసినవాఁడును ఆయనయే. 1887లో నేషనల్ క్యాట్ క్లబ్బు ఏర్పడఁగా దానికిఁ బ్రథమాధ్యక్షుఁ డయ్యెను. కాని సభ్యులకుఁ బిల్లుల మేలుకంటె బహుమానములమీఁదనే మక్కువ హెచ్చెనని విసిగి, కొంతకాలమునకు ఆ పదవిని విడిచెను. విత్తినవాఁడే పంటను జూచి నిట్టూర్చినాఁడు!

తరువాతి కథ చిత్రమైనది. మన నెల్లూరు సీమ పశువులు బ్రెజిలు దేశమునకుఁ బోయి, అక్కడ నెలోర్ అను పేరఁ బ్రఖ్యాతి గాంచినవి. పేరును నిలిచినది, రక్తమును నిలిచినది. పారశీక మార్జాలమున కట్లు గాలేదు. 2008లోఁ బ్రకటితమైన జన్యుపరిశోధనము ననుసరించి, నేఁటి పారశీక జాతి పిల్లులకు ఇరాను పిల్లులతోఁ గంటెఁ బశ్చిమ ఐరోపా పిల్లులతోనే చుట్టఱికము మెండు. పేరు మాత్రమే పారశీకము.

అందము కొఱకు మనుష్యుఁడు చేసిన యేరివేతకు ఆ జంతువు మూల్యము చెల్లించుచున్నది. ముక్కు అణఁగి మొగము చదునైన కొలఁది కన్నీటి నాళములు వంకరవోయి కండ్లు కాఱును, ఊపిరియుఁ గష్టమగును. మూత్రపిండములలో నీటితిత్తులు పెరుగు వంశరోగ మొకటి యీ జాతిలో విస్తరించినది. తల్లిదండ్రులలో నొకరికి ఆ దోషమున్నను, పిల్లలలో నించుమించు సగమునకు సంక్రమింపవచ్చును. దానికిఁ గారణమైన జన్యుదోషము 2004లోఁ గనుఁగొనఁబడెను. ఇప్పుడు పరీక్షచేసి, దోషమున్న పిల్లులను సంతానమునకు విడువక యాపవచ్చును.

ఇఁక సంరక్షణము. ఆ బొచ్చు ప్రతిదినము దువ్వనిచో లోపలి నూఁగు ముద్దలు గట్టి చర్మమును లాగి పుండుచేయును. ఎడమైన పండ్లుగల లోహపు దువ్వెనతో మెల్లగా దువ్వవలెను. ముద్దలను కత్తెరతోఁ గోయరాదు. పిల్లి చర్మము మిక్కిలి పలుచన. కండ్లను కాఁచి చల్లార్చిన నీటిలోఁ దడిపిన గుడ్డతోఁ దుడువవలెను. మన యెండలకు ఆ కంబళి తగినది గాదు గనుక, వేసవిలో నీడయు, గాలియు, సమృద్ధిగా నీరును గల్పింపవలెను. పిల్లి మాంసాహారి. టారిన్ అను పదార్థము చాలనిచో పిల్లికిఁ గన్ను చెడునని 1975లోను, గుండె చెడునని 1987లోను శాస్త్రజ్ఞులు తెలిపిరి. అది మాంసమత్స్యములలో లభించును. పెరుగన్నములో మాత్రము చాలదు. ఉల్లియు వెల్లుల్లియుఁ బిల్లికి విషప్రాయములు.

భీమా మాట కొస్తిని. జంతువుల భీమా మొదట గుఱ్ఱములకును, పాడిపశువులకును బుట్టినది. స్వీడను దేశమున 1924లోఁ గుక్కకు భీమా వ్రాసిరి. ఇంగ్లండున 1947లోను, అమెరికాలో 1982లోను పెంపుడు జంతువుల భీమా మొదలయ్యెను. మన పల్లెలలోఁ బశువు చెవికి బిళ్ల వేసి భీమా చేయుట మీ రెఱుఁగుదురు. పశువు చచ్చినచో దాని వెల వచ్చును. పిల్లి భీమా ముఖ్యముగ వైద్యవ్యయము కొఱకైనది. చెవి బిళ్లకు బదులు చర్మము క్రింద బియ్యపుగింజంత చిప్పు నుంచి గుర్తింతురు. సాధారణముగా ఖర్చులోఁ గొంత భాగమును యజమానియే భరింపవలెను. పాలసీకి ముందే కనఁబడిన రోగమునకు సొమ్ము రాదు; కొన్ని పాలసీలలో వంశరోగములకును రాదు.

ఈ మాట నేను నేర్చినది పుస్తకములలో మాత్రమే కాదు. నగరమునఁ గాఁపురమున్న మా మేనల్లుఁ డొకఁడు పారశీకపుఁ బిల్లికూనను గొనఁబోవుచు నన్ను సలహా యడిగెను. “వంశపత్రము చూచి కొనుము, నాయనా” యంటిని. చూచియే కొన్నాఁడు. తాతముత్తాతల పేర్లన్నియు నందుండెను. తల్లిదండ్రుల మూత్రపిండముల పరీక్షాఫలము మాత్రము లేదు. నాలుగవ యేట అది మేఁత మాని, నీళ్లు మాత్రము త్రాగుచు మూలఁబడెను. వైద్యుఁడు సందేహించిన పిమ్మట వాఁడు పరుగునఁ బోయి భీమా చేసెను. సొమ్ము రాలేదు. వాఁడు కోపముతోఁ దెచ్చిన పాలసీ కాగితమును నేను దీపము ముందుఁ జదివితిని. ఆ షరతు స్పష్టముగనే యున్నది. తప్పు కాగితముది గాదు. సగము వానిది, సగము, పేర్లు చూడుమని చెప్పి రోగము చూడుమని చెప్పని నాది. మఱి కొన్ని మాసములకు ఆ పిల్లి వాని యొడిలోనే కన్నుమూసినది.

కావున పెద్దలారా! మీ బిడ్డలు నగరమునుండి వచ్చి యిట్టి పిల్లిని గొందుమన్నచో నవ్వి త్రోయకుఁడు. గిత్తను గొనునప్పుడు మీరు నోరు తెఱచి పండ్లు చూతురు గదా! అట్లే జన్మనిచ్చినవాని పరీక్షను ముందు చూడుఁడని చెప్పుఁడు. ఆరోగ్యముగా నున్నప్పుడే, షరతులు చదివి, భీమా చేయుమనుఁడు. దినమునకుఁ బావుగంట దువ్వుట కోపిక లేనివాఁడు పొట్టి బొచ్చు పిల్లితోఁ దృప్తి పొందుట మేలు. భీమా సొమ్ము తెచ్చును గాని, చేయి తెచ్చి దువ్వదు.