హోండా ఇంజనుకు క్రొత్త పట్టిక

మెండోరలో పసుపు ఉడికించువాడు మంటను కంటితో చూచి కట్టెలు ఎగదోయును. కారు ఇంజనులో ఆ పని కంప్యూటరుది. పీల్చు గాలి పీడనమును, ఇంజను వేగమును కొలిచి, పట్టిక ప్రకారము పెట్రోలు చిమ్మించును.

1992-95 నాటి అమెరికా హోండా సివిక్‌లలోని ‘పి28’ పెట్టెలో ఈ పట్టిక ప్రాసెసరు లోపలనే శాశ్వతముగా ముద్రింపబడియుండెను. చిత్రమేమనగా, పలకపై 28 కాళ్ల జ్ఞాపక చిప్పుకు చోటును తయారీదారులే ఖాళీగా విడిచిరి! ఔత్సాహికులు అచ్చట సాకెట్టు, మరికొన్ని చిన్న భాగములు అతికి, ‘జె1’ అను తీగ కలుపగా, ప్రాసెసరు బయటి చిప్పును చదువనారంభించెను. అందు పట్టునది 32,768 బైట్లే. ‘ఉబర్‌డేటా’, ‘క్రోమ్’ వంటి సాఫ్టువేరుతో దానిని ఇంటనే సవరించిరి.

సాధారణముగా ఒక పాలు పెట్రోలుకు బరువులో 14.7 పాళ్ల గాలి కావలెను. నిండు భారమున పెట్రోలు మరికొంత హెచ్చుగా ఉండవలెను. తగ్గించినచో పిస్టను కరుగవచ్చును. కనుక తెలిసినవారు పొగగొట్టములోని ఆక్సిజనును కొలుచుచు, ఒక్కొక్క గడినే మార్చుదురు.