లిపి కోసం వేసుకున్న స్క్రిప్టులు

తెలుగు అంతర్జాల చరిత్ర చెప్పేటప్పుడు మొదటి వెబ్ పత్రికలు, మొదటి బ్లాగులు, యూనికోడ్ రాక అనే వరసలో చెప్పడం మనకి అలవాటు. ఇంకో వరసలోనూ చెప్పొచ్చు. తెర మీద తెలుగు చదవడానికి మనం మన కంప్యూటర్లలోకి ఏమేం ఎక్కించుకున్నాం? ఎవర్ని నమ్మి ఎక్కించుకున్నాం? ఇంగ్లీషు చదివేవాడికి ఈ చరిత్ర లేదు. బ్రౌజరు తెరిస్తే వాడి లిపి అక్కడే ఉంటుంది. మనకి మాత్రం చాలా కాలం, అక్షరం కనబడాలంటే ముందు ఎవరిదో ఒక ఫైలు మన మెషీన్లోకి రావాలి.

యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. అయినా 2000 తర్వాత కూడా కొన్నేళ్ళ పాటు మన దినపత్రికల సైట్లు దాని జోలికి వెళ్ళలేదు. ఒక్కో పత్రికకి ఒక్కో సొంత ఫాంటు. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ ఉన్న స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చోబెట్టేవారు. ఫాంటు ఉంటే వార్త, లేకపోతే పిచ్చిగీతలు. దానంతటదే దిగే డైనమిక్ ఫాంటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్లో పనిచేసేది, ఫైర్‌ఫాక్స్‌లో చేసేది కాదు. పోనీ యూనికోడ్ సైటుకే వెళ్దామంటే, విండోస్ ఎక్స్‌పీలో వత్తులూ గుణింతాలూ కుదురుగా కూడాలంటే కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్ళి, సంక్లిష్ట లిపుల ఫైళ్ళు ఇన్‌స్టాల్ చెయ్యమని ఒక గడిలో టిక్కు పెట్టాలి. పెడితే అది ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది.

చోడవరం లాంటి ఊళ్ళో (అప్పటికి విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా) ఆ సీడీ ఎక్కడ దొరుకుతుంది? మాలాంటివాళ్ళకి కంప్యూటరంటే నెట్ సెంటరే. పరీక్షల రిజల్ట్సుకీ, అప్లికేషన్లకీ వెళ్ళేవాళ్ళం. గంట లెక్కన డబ్బులు కడుతూ కూర్చున్నప్పుడు తెర మీద ఏ ప్రశ్న లేచినా ఎవరూ చదివేవారు కాదు. "ఏదడిగినా ఎస్ కొట్టెయ్ బాబూ" అన్నదే అక్కడి సాంకేతిక శిక్షణ. 2004 ఆగస్టులో ఎక్స్‌పీకి వచ్చిన రెండో సర్వీస్ ప్యాక్, సైట్లు దించబోయే ప్రోగ్రాముల్ని ఆపి, అడ్రస్ బార్ కింద ఒక పసుప్పచ్చ పట్టీ చూపించేది. మంచి ఏర్పాటే. కానీ పనికొచ్చేదానికీ చెడ్డదానికీ ఒకటే పట్టీ, ఒకటే నొక్కుడు. అందులో ఏది ఏదో తేల్చుకోవడం ఎవరూ నేర్పలేదు.

2005లో నాగార్జున వెన్న 'పద్మ' తయారుచేశారు. అది ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్. పత్రిక సొంత ఫాంటులో ఉన్న పేజీని అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. ఆ మార్పిడి వెనక ఎంత చాకిరీ ఉందో ప్రోగ్రాములు రాసేవాళ్ళకి తెలుస్తుంది. ఒక్కో ఫాంటులో ఏ గుర్తు ఏ అక్షరమో, ఏ ముక్క ఏ ముక్కతో కలిస్తే ఏ గుణింతమో కూర్చుని పట్టికలు కట్టాలి. ఇక భద్రత వైపు నుంచి చూస్తే, ఆ రోజుల్లో ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్‌కి దాదాపు బ్రౌజరుకున్న హక్కులన్నీ ఉండేవి. మీరు తెరిచే ప్రతి పేజీనీ, ఆ మాటకొస్తే మీ డిస్కులో ఫైళ్ళనీ చదవగలదు. పద్మని వేసుకున్నవాళ్ళు దీని గురించి బెంగ పెట్టుకున్నట్టు కనబడదు. రాసినాయన పేరు తెలుసు, కోడ్ అందరికీ తెరిచి ఉంది, చెప్పింది తెలిసినవాళ్ళు. ఆ నమ్మకం వమ్ము కాలేదు.

రాసినవాడు మంచివాడైతే చాలా? చాలదని అదే ఏడాది జులైలో తేలింది. వెబ్ పేజీల మీద మనకి నచ్చిన స్క్రిప్టులు నడుపుకోడానికి ఆరన్ బూడ్‌మన్ చేసిన 'గ్రీజ్‌మంకీ' అప్పటికి బాగా పేరు తెచ్చుకుంది. దాని మీద వాడుక పుస్తకం రాసిన మార్క్ పిల్‌గ్రిమే అందులో ఒక కంత కనిపెట్టాడు. స్క్రిప్టుకి ఇచ్చిన ప్రత్యేక హక్కులు, ఆ స్క్రిప్టు నడుస్తున్న పేజీకి కూడా అందుతున్నాయి. అంటే ఒక దుష్ట సైటు మీ కంప్యూటర్లో ఫైళ్ళని చదివేయొచ్చు. స్క్రిప్టు రాసినవాడి తప్పేమీ లేదు. వెంటనే తీసేయండని చెప్పింది ఆ పుస్తకం రాసినాయనే. ప్రస్తుతానికి ఆ హక్కులు తీసేసి ఒక వెర్షన్ విడుదల చేశారు, తర్వాత వెర్షన్‌లో స్క్రిప్టుకీ పేజీకీ మధ్య గోడ కట్టారు.

2006లో వీవెన్ చేసిన 'లేఖిని' వేరే దారి చూపించింది. పద్మ కోడ్ ఆధారంగానే నడిచేది, కానీ వేసుకోవాల్సింది ఏమీ లేదు. అదొక పేజీ. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఆ పేజీలోనే తెలుగవుతుంది. ఆ పేజీ మూసేస్తే దాని పని అయిపోయినట్టే. నెట్ సెంటర్లో కూర్చుని, అడ్మిన్ పాస్‌వర్డూ సీడీ అక్కర్లేకుండా, తెలుగు రాయొచ్చు. లేఖినిని భాషా సేవగా చాలామంది మెచ్చుకున్నారు. తక్కువ అడిగి ఎక్కువ చేసిపెట్టే ప్రోగ్రాము కాబట్టి నేను దాన్ని భద్రత వైపు నుంచి కూడా మెచ్చుకుంటాను.

2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా ఎక్స్‌టెన్షన్లని ఆపేసింది. కొత్తవి ఏమేం చూస్తాయో ముందే అనుమతి అడగాలి. అనుమతి ఇచ్చాక కథ అయిపోలేదు. క్రోమ్‌లో 'ది గ్రేట్ సస్పెండర్' అనే ఎక్స్‌టెన్షన్ ఏళ్ళ తరబడి మంచిగానే పనిచేసింది. 2020లో దాన్ని ఎవరో కొనుక్కున్నారు. 2021 ఫిబ్రవరిలో హానికర కోడ్ ఉందని గూగుల్ తీసేసింది. వేసుకున్నవాళ్ళు ఏమీ మార్చలేదు. వాళ్ళు నమ్మిన మనిషి మారిపోయాడు.

ఇప్పుడు ఫోనులో తెలుగు దానంతటదే కనిపిస్తుంది. అయితే రాయడానికి బయటి కీబోర్డు వేసుకుంటే, మీరు కొట్టే ప్రతిదీ, పాస్‌వర్డులతో సహా, ఇది సేకరించగలదని ఆండ్రాయిడ్ హెచ్చరిస్తుంది. మనం చదవకుండానే ఓకే కొడతాం. నెట్ సెంటర్ శిక్షణ అంత తొందరగా పోదు.

ఆ శిక్షణ మీదే ఇవాళ్టి వాట్సాప్ మోసాలు బతుకుతున్నాయి. చలానా అని, పీఎం కిసాన్ అని, పెళ్ళి శుభలేఖ అని ఏపీకే ఫైలు వస్తుంది. వేసుకుని అనుమతులిస్తే అది ఎస్సెమ్మెస్‌లు చదువుతుంది, ఓటీపీ వాళ్ళ చేతిలో పడుతుంది. ఒకప్పుడు తెర మీద తెలుగు కనబడిందంటే, మనవాడెవడో రాత్రుళ్ళు కూర్చుని పనిచేశాడని అర్థం. ఆ తెలుగే ఒక హామీ. ఇప్పుడు మోసగాడికి కూడా తెలుగు ఉచితంగానే దొరుకుతోంది. చోడవరంలో చెరకు రైతుకి వచ్చే దొంగ మెసేజిలో వత్తులన్నీ కుదురుగానే ఉంటాయి. మన భాషలో ఉంది కాబట్టి మనవాళ్ళదే అన్న లెక్క ఇక పనిచెయ్యదు.

పద్మ రోజుల నుంచి మిగుల్చుకోదగ్గవి కొన్ని ప్రశ్నలు. ఇది ఎవరు చేశారు? ఎక్కడి నుంచి వచ్చింది? చెప్పిన పనికి ఇన్ని అనుమతులు అవసరమా? వేసుకోకుండా లేఖినిలా పని జరిగే దారి ఉందా? మెసేజిలో వచ్చిన ఏపీకేకి ఇందులో ఒక్కదానికీ జవాబుండదు. ఫోన్ సెట్టింగుల్లో తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి వాట్సాప్‌కి ఉంటే తీసేయండి. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లలో కూడా ఇవాళే చూడండి. డబ్బు పోతే సిగ్గుపడి ఆలస్యం చెయ్యకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలని వాళ్ళకి చెప్పండి. ఎంత తొందరగా చేస్తే డబ్బుని దారిలో ఆపే వీలు అంత ఎక్కువ.