ఆకు కొసల్లో గార

మా ఫ్లాట్ బాల్కనీలో తెల్లచారల స్పైడర్ ప్లాంట్ ఒకటుంది. చంపుదామన్నా చావదు అని చెప్పి మరీ ఇచ్చింది ఆఫీసులో ఒక ఫ్రెండ్. నిజమే, చావలేదు. కానీ నాలుగు నెలలకే ప్రతి ఆకు కొసా గోధుమరంగుకి తిరిగింది. ఎండ ఎక్కువైందేమోనని లోపలికి జరిపాను. నీళ్లు చాల్లేదేమోనని ఇంకాస్త పోశాను. ఆ నీళ్లే దాని జబ్బని తర్వాత అనుమానం వచ్చింది. మాది బోరు నీళ్లు.

ఈ మొక్క పుట్టిల్లు ఆఫ్రికా. దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతంలో మొక్కలు సేకరించిన స్వీడన్ వృక్షశాస్త్రవేత్త థున్‌బెర్గ్ 1794లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. లావాటి వేళ్లలో నీళ్లు దాచుకుంటుంది కాబట్టి వారం మర్చిపోయినా ఏమీ అనుకోదు. ఓర్చుకోలేనివి ఉప్పులు, ఫ్లోరైడ్. వేరు పీల్చిన ఫ్లోరైడ్ నీటితోపాటే ఆకు కొస దాకా పోతుంది. నీరు ఆవిరైపోతుంది. ఫ్లోరైడ్ అక్కడే పేరుకుంటుంది.

ఇది చదువుతుంటే అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆమెది కనిగిరి పక్క పల్లె. నవ్వినప్పుడల్లా నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. సిగ్గేమో అనుకునేదాన్ని. కాదు, గారపళ్లు. "మా ఊళ్లో అందరివీ ఇంతేలే అమ్మాయ్" అనేది.

ఆ మాట వెనక పెద్ద చరిత్రే ఉంది. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ గురించి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. మనదేశంలో మనుషుల్లో ఈ జబ్బుని గుర్తించిన తొలి పత్రాల్లో అదొకటి. వాళ్లు చూసింది అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్లని. గారపళ్లే కాదు, బిగుసుకుపోయి వంగని వెన్నెముకలు కూడా. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లావే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది. జిల్లా మారింది కానీ బావి మారలేదు.

ఆ దశాబ్దంలోనే నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టింది. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు. ఒక ఊరి కష్టం ప్రపంచమంతటా చదివే పాఠానికి పేరైపోయింది.

కాచినా, రాత్రంతా బకెట్లో ఉంచినా ఫ్లోరైడ్ పోదు. అందుకే ఇప్పుడు మొక్కకి వాన నీళ్లు పట్టి పోస్తున్నాను. కొత్త ఆకులు శుభ్రంగా వస్తున్నాయి. పాత కొసలు మాత్రం మళ్లీ పచ్చబడవు. పళ్లూ అంతే. అవి తయారయ్యే చిన్నతనంలో ఏ నీళ్లు తాగామో, ఆ గుర్తు జీవితాంతం ఉండిపోతుంది.

మా అమ్మ పళ్లు తెల్లగా ఉంటాయి. మూడేళ్లప్పుడే అమ్మమ్మ ఆమెని ఒంగోల్లో చెల్లెలి ఇంటికి పంపేసింది. చదువు కోసమని అందరితో చెప్పింది. "అంత చిన్నపిల్లని ఎలా పంపిందో" అని అమ్మ ఇప్పటికీ కినుకగా అంటుంది.

మొన్న స్పైడర్ ప్లాంట్‌కి వేలాడుతున్న పిల్లమొక్కని కత్తిరించి వేరే కుండీలో పెట్టాను. గింజ వేస్తే ఆ తెల్లచారలు వస్తాయన్న నమ్మకం లేదు. పిల్లమొక్కకైతే తల్లి చారలే వస్తాయి. దాన్ని అమ్మకిచ్చి, 1937 సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "దీనికి ఏ నీళ్లు పొయ్యాలే?" అని అడిగింది.