సౌమ్యతయే ప్రేషిత ధర్మము: విశాఖ తీరము మొదలు తిల్దా వరకు పునీత ఫ్రాన్సిస్ సలేసు సభ

రాయపూరు జిల్లాలో, హౌరా–బొంబాయి రైలుమార్గముపై, వరిపొలముల నడుమ నెలకొని, ధాన్యపు మిల్లులతో వర్ధిల్లుచున్న తిల్దా పట్టణమును జూచిన తెలుగువానికి, అది మన సముద్రతీరముతో నెన్నడైనను సంబంధము గలిగియుండెనను తలంపు కలుగదు. అయినను పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున, కతోలిక శ్రీసభ పరిపాలనలో, ఆ ఛత్తీసుగఢు మైదానమంతయు విశాఖపట్టణ పీఠమునకే లోబడియుండెను. అట్టి విశాల క్షేత్రభారమును వహించినది పునీత ఫ్రాన్సిస్ సలేసు ప్రేషితుల సభ. ఒక సన్యాస సభ యొక్క మూలధర్మములు దాని నియమావళియందుకంటె, అది తన శ్రమఫలమును ఇతరులకప్పగించిన తీరునందే స్పష్టతరముగా గోచరించునని ఈ వ్యాసమున ప్రతిపాదింపబడుచున్నది.

సభకు ఆదర్శపురుషుడైన ఫ్రాన్సిస్ సలేసు (1567–1622) జెనీవా పీఠాధిపతియైనను, ఆ నగరము కాల్విను అనుయాయుల వశమైయుండుటచే అన్సీయందు నివసించెను. అంతకు పూర్వమే, 1594లో, షాబ్లే ప్రాంతమునకు ప్రేషితుడై పోయి, తన ప్రసంగములు వినవచ్చువారు మిక్కిలి తక్కువయగుటచే, బోధను కరపత్రములుగా వ్రాసి ఇండ్ల తలుపుల క్రిందనుండి లోనికి జొనిపించెను. ఆయన రచనాకృషిని స్మరించియే పదునొకండవ పయస్ పోపు 1923లో ఆయనను పత్రికారచయితలకు పాలక పునీతునిగా ప్రకటించెను. 1609లో వెలువడిన ఆయన ‘భక్తిజీవన ప్రవేశిక’, సైనికుడును, చేతిపనివాడును, గృహిణియు తమ తమ ధర్మములను వీడకయే భక్తిని సాధింపవచ్చునని నిరూపించినది. ఇందుండి రెండు సూత్రములు తేలుచున్నవి: ఎదుటివాని స్వేచ్ఛను మన్నించి ఓర్పుతో వేచియుండుట యొకటి, ఎవరి స్థితికి దగిన సాధనను వారికి జూపుట రెండవది. కాబట్టి సలేసు బోధించిన సౌమ్యతను కేవల స్వభావగుణముగా నెంచరాదు. అది బుద్ధిపూర్వకముగ నవలంబింపబడిన కార్యపద్ధతి.

ఫ్రెంచి విప్లవానంతరము సవాయి పల్లెలలో ధర్మబోధ సన్నగిల్లియుండగా, ఈ పద్ధతినే ఆధారముగా గొని, పియర్ మారీ మెర్మియె (1790–1862) అన్సీ పీఠాధిపతియగు రే ప్రాపున 1838 అక్టోబరు 24న సభను స్థాపించెను. పల్లెలయందు కొంతకాలము నిలిచి బోధించి విశ్వాసమును పునరుద్ధరించుటయు, పరదేశములకు సువార్తను గొనిపోవుటయు దానికి ప్రధాన లక్ష్యములు.

1845లో బయలుదేరిన తొలి జట్టు పుదుచ్చేరి మీదుగా యానామును, విశాఖపట్టణమును జేరెను. ఉత్తరాంధ్ర తీరమును, ఒరిస్సాయు, నాగపూరు భోంస్లేల రాజ్యమును గలిసిన ఆ క్షేత్రమునకు గురువులు పిడికెడుమంది మాత్రమే. నాటి ఛత్తీసుగఢు ఆ భోంస్లేల ఏలుబడిలోనిదే. తొలిదినములలో వారి సేవ విశాఖ, కాంప్టీ వంటి దండుస్థలములయందలి కతోలిక సైనికులను ఆశ్రయించియుండెననుట చారిత్రక సత్యము. అయినను వారచ్చటనే నిలిచిపోలేదు. 1847లో విశాఖయందు పునీత అలోషియస్ పాఠశాల వెలసినది. 1849లో అన్సీనుండి పునీత జోజప్ప సభ కన్యస్త్రీలు యానామున దిగి బాలికల విద్యకు పూనుకొనిరి. నాగపూరు–బిలాసుపూరుల మీదుగా బెంగాలు నాగపూరు రైలుమార్గము 1891లో పూర్తియగుటకు, రాయపూరు–విజయనగరము మార్గము 1931లో సిద్ధించుటకు ఎంతో పూర్వమే, తీరమునకును మైదానమునకును నడుమ ఈ ధర్మబంధ మేర్పడియుండెనన్నమాట.

పిమ్మట విభజన ప్రారంభమైనది. 1887లో నాగపూరు ప్రత్యేక మేత్రాసనమై, అదే సభకు జెందిన అలెక్సిస్ రికాజు దానికి ప్రథమ పీఠాధిపతి యయ్యెను. 1928లో కటకము వేరుపడెను. 1964లో నాగపూరునుండి కొంత భాగమును గొని రాయపూరు ప్రత్యేక పరిపాలనగా నేర్పడగా, అది పల్లోట్టి సభ గురువుల కప్పగింపబడెను. 1973లో మేత్రాసనమై, 2004లో అగ్రపీఠముగ నెదిగెను. విశాఖపీఠమును సైతము 1960ల దశకమున తెలుగువాడైన ఇగ్నేషియస్ గోపు అధిష్ఠించెను.

విస్తారమైన అధికారము ఇట్లు ఖండఖండములగుట సభాబలహీనతకు గుర్తు కాదా యని శంకింపవచ్చును. కాని పరుల స్వేచ్ఛను మన్నించుమను ధర్మము వ్యక్తులపట్ల మాత్రమే వర్తించి, తాము నాటిన సంఘములపట్ల వర్తింపనిచో, అది అసంపూర్ణమే యగును. సంఘము స్వయంసమర్థమైన పిదప దానిని బట్టుకొని వ్రేలాడుట ప్రేషితధర్మమునకు విరుద్ధము. షాబ్లేయందు తలుపు క్రిందుగా కరపత్రమును విడిచి, చదువుటయో మానుటయో గృహస్థునకే వదలిన నాటి నిగ్రహమునకును, తాము దున్నిన క్షేత్రమును వేఱొక సభ చేతులలో నుంచిన పిమ్మటి నిగ్రహమునకును మూలమొక్కటియే.

కావున తిల్దా ప్రాంతమున సలేసు సభవారి నామఫలకములకై వెదకి, అవి లేనిచోట వారి ప్రభావమును లేనిదిగా నిర్ణయించుట చరిత్రకారునకు దగదు. అధికారమును నిలుపుకొనుటలోగాక, తగిన కాలమున దానిని అర్హులకు సమర్పించుటలో సాఫల్యమును జూచుటయే ఈ సభ మనకు నేర్పు పరమధర్మము; విద్యాలయములను, వైద్యశాలలను, ధర్మసంస్థలను నిర్వహించు ప్రతి సమాజమునకును అది నేడును ఆచరణీయము.