ఇంటి ఫొటోలు, ఫోన్ వీడియోలు: కల్లోల కాలానికి సాక్ష్యం ఎంతకాలం నిలుస్తుంది?

సూరత్‌లో ఉధ్నా, లింబాయత్‌ల పక్కన ఉంటుంది డిండోలి. మరమగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో ఈ చుట్టుపక్కల స్థిరపడ్డాయి. నగర మున్సిపల్ బడుల్లో తెలుగు మీడియం కూడా ఉంది. ఇలాంటి వలస బస్తీల్లో గతం ప్రభుత్వ దస్తావేజుల్లో దొరకడం తక్కువ. పెళ్లి ఆల్బమ్‌లలో, పాత క్యాసెట్లలో, ఇప్పుడైతే సెల్‌ఫోన్లలో వెతుక్కోవాలి.

2020 ఏప్రిల్ 10 రాత్రి సంగతే చూడండి. లాక్‌డౌన్ మొదలై రెండు వారాలు దాటింది. జీతాలివ్వాలని, సొంత ఊళ్లకు పంపాలని సూరత్ శివారులోని లస్కానాలో కార్మికులు రోడ్డెక్కారు. వారిలో ఎక్కువమంది ఒడిశా వారు. నాటి ఫోన్ వీడియోలు దేశమంతా తిరిగాయి. అయితే అలా చేతులు మారిన దృశ్యంలో, తీసిందెవరో, ఏ వీధిలోనో చెప్పే ఆధారం మిగలదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గుతుంది, తీసిన సమయం, చోటు వివరాలు కూడా పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలు అలాగే వెళ్తుంది. ఈ చిన్న తేడా కోర్టులో పెద్దదవుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోని సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. పాత చట్టంలో ఇది 65బి.

దృశ్యాన్ని కాపాడటం గుజరాత్‌కు కొత్త కాదు. 1973 డిసెంబరులో అహ్మదాబాద్ హాస్టల్ మెస్ ఛార్జీల పెంపుపై మొదలైన నవనిర్మాణ్ ఉద్యమం 1974 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చిమన్‌భాయ్ పటేల్ రాజీనామా దాకా వెళ్లింది. ఆ వేడి బిహార్‌కు పాకింది. అక్కడి జేపీ ఉద్యమంపై ఆనంద్ పట్వర్ధన్ 'వేవ్స్ ఆఫ్ రివల్యూషన్' తీశారు. ఎమర్జెన్సీ రావడంతో సినిమా ప్రతిని ముక్కలు చేసి రహస్యంగా విదేశాలకు తరలించాల్సి వచ్చింది.

ఇప్పుడు సెన్సారు కన్నా కాలమే పెద్ద శత్రువు. వీహెచ్‌ఎస్ టేపులోని అయస్కాంత పూత కొన్ని దశాబ్దాలకు చెడిపోతుంది. చివరి వరకు వీసీఆర్‌లు తయారుచేసిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జులైలో వాటిని ఆపేసింది. అంటే క్యాసెట్ బాగున్నా ఆడించే యంత్రం దొరకదు. ఫోన్ల విషయం ఇంకా అధ్వాన్నం. ఫోన్ పోయినా, పాడైనా అందులోని రాత్రులన్నీ దానితోనే పోతాయి.

బొమ్మ లేని చోట మాటే ఆధారం. తెలంగాణ సాయుధ పోరాటంలోని మహిళల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన వారి నోటే చెప్పించి 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. ఫొటోలున్న ఇళ్లలోనూ ఇదే పని చేయాలి. అందులో ఉన్నవారెవరో, ఏ సందర్భమో పెద్దవాళ్లు ఉండగానే అడిగి వెనుక పెన్సిల్‌తో రాసుకోవాలి. ఇక నిరసన వీడియోలైతే, బయటపెట్టే ముందు అందులో ముఖాలు కనిపిస్తున్నవారిని అడగడం తప్పనిసరి. కేసులు నడుస్తున్నప్పుడు అదే వీడియో వాళ్లను పట్టించగలదు.