అసెంబుల్డ్ కంప్యూటర్ మీద ఓఎస్ మార్పు: కృష్ణా డెల్టా డీటీపీ కేంద్రాల చరిత్ర

కృష్ణా డెల్టాలో డెస్క్‌టాప్ కంప్యూటర్ అంటే చాలాకాలం పాటు అసెంబుల్డ్ సిస్టమే. మదర్‌బోర్డు ఒక కంపెనీది, ర్యామ్ ఇంకొకరిది, హార్డ్ డిస్క్ మరొకరిది. క్యాబినెట్టు, ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఏది చౌకగా దొరికితే అది. విడిభాగాలకు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నై రిచీ స్ట్రీట్ పెద్ద బజార్లు. 1991 తర్వాత దిగుమతి ఆంక్షలు సడలాయి. 1997లో ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతిక ఒప్పందంలో భారత్ చేరాక సుంకాలు అంచెలంచెలుగా తగ్గుతూ 2005 నాటికి తొలగిపోయాయి. బ్రాండెడ్ పెట్టె కన్నా అసెంబుల్డ్ పెట్టె చవక కావడానికి ఇదొక కారణం.

చవకకు తగ్గ చిక్కు ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) మార్చిన రోజున బయటపడేది. బ్రాండెడ్ కంప్యూటర్‌కు ఏ లోపమొచ్చినా జవాబు చెప్పాల్సింది ఒకే కంపెనీ. అసెంబుల్డ్ సిస్టమ్‌తో పాటు చేతికొచ్చేది మదర్‌బోర్డు డ్రైవర్ల సీడీ ఒక్కటే, అదీ కొన్న ఏడాది నాటి ఓఎస్‌కు సరిపడేది. కొత్త ఓఎస్ వేస్తే సౌండ్, డిస్‌ప్లే, నెట్‌వర్క్, ప్రింటర్ దేని డ్రైవర్ దానికి వెతుక్కోవాల్సిందే. ఆ బరువంతా ఊళ్లోని హార్డ్‌వేర్ కుర్రాడి మీద పడింది.

విజయవాడలో ఈ సమస్యకు మరో పొర తోడైంది. ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాలు, ప్రచురణ సంస్థలు, ప్రెస్సులు, దినపత్రికల ఎడిషన్లతో ఆ నగరం తెలుగు ముద్రణకు పెద్ద కేంద్రం. సీసపు అక్షరాల స్థానంలో డీటీపీ వచ్చాక అక్కడి చాలా కంప్యూటర్ల పని తెలుగు టైప్‌సెట్టింగే. అందుకు వాడిన జోడీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లూ కీబోర్డూ ఇచ్చే అను స్క్రిప్ట్ మేనేజర్. 1985లో ఆల్డస్ సంస్థ తెచ్చిన పేజ్‌మేకర్ 1994లో అడోబీ చేతికి వచ్చింది. 2001లో వచ్చిన 7.0 దాని చివరి ప్రధాన వెర్షన్. కూచిపూడి, పామర్రు వంటి ఊళ్లలోనూ నాట్యోత్సవం కరపత్రమైనా రంగప్రవేశం ఆహ్వానమైనా ఏదో ఒక డీటీపీ ఆపరేటర్ చేతి మీదుగా ప్రెస్సుకు వెళ్లాల్సిందే.

ఆ ఫాంట్ల పనితీరు తెలియకపోతే ఓఎస్ మార్పుల గొడవ అర్థం కాదు. వాటిలో తెలుగు అక్షరాలు ఇంగ్లిషు అక్షరాల గడుల్లో కూర్చునేవి. ఒక ఫాంటుకు ఉన్నవి 256 గడులు, అందులోనూ కొన్ని వాడరానివి. గుణింతాలూ ఒత్తులూ అన్నీ వాటిలో పట్టవు కాబట్టి అక్షరాలను ముక్కలు చేసి, టైప్ చేసేటప్పుడు అతికేవారు. సిద్ధేంద్ర అన్న పేరులో ‘ద్ధే’ చదవడానికి ఒకే అక్షరం, ఫాంటులో మాత్రం ద, ఏత్వం, కింద ధ ఒత్తు అనే విడి ముక్కలు. ఏ మీట నొక్కితే ఏ ముక్క పడాలో చూసుకునేది వెనకాల నడిచే కీబోర్డు ప్రోగ్రామ్. ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన చెత్త కనిపించేది. ఫైలు పాడైందని హడలిపోయేవారు గానీ పోయేది ఫాంటే.

విండోస్ 98 రోజుల్లో మొదటి శత్రువు కరెంటు. పని మధ్యలో సరఫరా పోతే ఫ్యాట్32 డిస్కులో ఫైళ్ల పట్టిక చెడేది, మళ్లీ ఆన్ చేయగానే నీలం తెర మీద స్కాన్‌డిస్క్ నడిచేది. అది రెండు మూడుసార్లు జరిగితే ‘ఫార్మాట్ కొట్టేయడమే’ అనేవారు. పాత ఓఎస్ మీదే కొత్తది ఎక్కించే అప్‌గ్రేడ్ పద్ధతిని మెకానిక్కులు నమ్మలేదు. పాత డ్రైవర్ల అవశేషాలు కొత్తదాన్ని పాడుచేస్తాయని వారి అనుభవం, అది చాలావరకు నిజమే. అందుకే డిస్కును రెండుగా చేసి, సి డ్రైవ్‌లో ఓఎస్, డి డ్రైవ్‌లో ఫైళ్లు ఉంచే అలవాటు స్థిరపడింది. ఆ ఏర్పాటులోనే ఒక కంత ఉంది. ఫాంట్లు ఉండేది సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో, డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైళ్లు ఉండేదీ సి లోనే. ఫార్మాట్ అయ్యాక డి లో పుస్తకం భద్రంగా ఉండేది, దాన్ని చదివించే ఫాంట్ ఉండేది కాదు.

2001 అక్టోబర్‌లో వచ్చిన ఎక్స్‌పీ ఈ పరిస్థితిని చాలా మార్చింది. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైళ్ల వ్యవస్థ వల్ల కరెంటు కోతల నష్టం తగ్గింది. ప్రతి అక్షరానికీ సొంత సంకేతమిచ్చే యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు విండోస్‌లో చోటు దొరికిందీ, గౌతమి ఫాంట్ వచ్చిందీ దీనితోనే. అంతకు ముందరి విండోస్ 2000లో దేవనాగరి, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు. అయితే ఎక్స్‌పీలో తెలుగు తనంతట తాను పనిచేసేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతీయ భాషల అమరికకు వెళ్లి, సంక్లిష్ట లిపుల ఫైళ్లు వేయమని టిక్కు పెట్టాలి, అడిగినప్పుడు ఎక్స్‌పీ సీడీ ఇవ్వాలి. సీడీ ఎక్కడుందో ఎవరికీ గుర్తుండని దుకాణాల్లో తెలుగు వెబ్ పేజీలు డబ్బాలుగానే ఉండిపోయాయి. ఇంతా చేసి విండోస్ ఇచ్చే తెలుగు కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్. ఆపిల్, మాడ్యులర్ అమరికలకు వేళ్లు అలవాటుపడిన ఆపరేటర్లు దాని జోలికి పోలేదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రానే రాదు.

2007 నాటి విస్టాను డెల్టా దుకాణాలు దాదాపు దాటేశాయి. 2009లో విండోస్ 7 వచ్చాక మార్పు తప్పలేదు, అసలైన చిక్కుల కాలం అదే. ఎక్కువగా ఎదురైనది బూట్ సమస్య. సాటా డిస్కును బయోస్‌లో ఐడీఈ పద్ధతిలో నడుపుతూ ఓఎస్ వేసుకుంటారు. నాణెమంత సీమోస్ బ్యాటరీ అయిపోతుంది, తేదీతో పాటు బయోస్ అమరికలన్నీ మొదటికొస్తాయి, డిస్కు ఏహెచ్‌సీఐ అనే మరో పద్ధతికి మారిపోతుంది. విండోస్ లోగో కనబడీ కనబడకముందే నీలం తెర, స్టాప్ 7బి సంకేతం. డిస్కు పోయిందనుకుని కొత్తది కొనిపించడం వృథా, బయోస్‌లో పాత అమరిక పెడితే చాలు. అందుకే నిదానం తెలిసిన మెకానిక్ ముందు బయోస్ తేదీ చూసేవాడు. తర్వాత ర్యామ్ తీసి దాని బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దేవాడు, ఉబ్బిన కెపాసిటర్ల కోసం బోర్డు మీద కళ్లు తిప్పేవాడు. ఓఎస్ సీడీ బయటికొచ్చేది ఆ తర్వాతే. ఇప్పటికీ ఇంతకన్నా మంచి వరస లేదు.

రెండో చిక్కు 64 బిట్లది. 4 జీబీ, అంతకు మించిన ర్యామ్‌ను పూర్తిగా వాడుకోవడానికి 64 బిట్ విండోస్ వేస్తే 16 బిట్ ఇన్‌స్టాలర్లున్న పాత ప్రోగ్రాములు ఎక్కవు, సంతకం లేని డ్రైవర్లను ఓఎస్ అంగీకరించదు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 వంటి చిన్న ప్రింటర్ల సంగతి మరీ చిత్రం. దాని ఫర్మ్‌వేర్ ప్రింటర్‌లో నిలవదు, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్‌లోని డ్రైవర్ దాన్ని ఎక్కించాలి. డ్రైవర్ సరిగా కూర్చోకపోతే దీపం వెలుగుతుంది, కాగితం కదలదు. విస్టాతో మొదలైన అనుమతుల కట్టడి మరో వింత తెచ్చింది. పేజ్‌మేకర్‌ను అడ్మినిస్ట్రేటర్ హోదాలో, కీబోర్డు ప్రోగ్రామ్‌ను మామూలు హోదాలో నడిపితే మీటల సమాచారం రెండోదానికి అందదు. తెలుగు కొడితే ఇంగ్లిషు పడేది. రెండింటినీ ఒకే హోదాలో తెరవడమే మందు.

2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మద్దతు ఆగింది. ఆ తర్వాత కూడా దాన్ని అట్టిపెట్టుకోవాలంటే నెట్ కనెక్షన్ లేని విడి కంప్యూటర్‌లో ఉంచడమే క్షేమమైన మార్గం. అలా ఉంచుకోవడాన్ని వెనకబాటు అనడం అన్యాయం, పాత పుస్తకాల ఫైళ్లన్నీ పేజ్‌మేకర్, అను జోడీలోనే ఉన్నాయి మరి. ఈలోగా యూనికోడ్ వైపు దారి తెరుచుకుంది. 2012లో అడోబీ పేజీ కూర్పు ప్రోగ్రామ్ ఇన్‌డిజైన్ సీఎస్6 భారతీయ లిపులను అందుకుంది. ఆ రోజుల్లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ కలిసి యూనికోడ్ ఫాంట్లను ఉచితంగా ఇచ్చాయి. రాజకీయ నాయకుడు మండలి వెంకటకృష్ణారావు పేరిట ‘మండలి’ ఫాంట్ వాటిలో ఒకటి.

2015 జులై 29న వచ్చిన విండోస్ 10ను అర్హులకు ఏడాది పాటు ఉచితంగా ఇచ్చారు. లైసెన్సు లేని కాపీలతో నడిచే అసెంబుల్డ్ సిస్టమ్‌లు ఆ లెక్కలోకి రాలేదు. విండోస్ 10లో గౌతమి, వాణి ఫాంట్లు ముందే ఉండవు, తెలుగు అదనపు ఫాంట్లుగా విడిగా చేర్చుకోవాలి. చేర్చకపోతే గౌతమిలో చేసిన పత్రం నిర్మలా యూఐ ఫాంటులో తెరుచుకుంటుంది. అక్షరాలన్నీ ఉంటాయి, వరుసలు జరిగి పేజీలు మారిపోతాయి.

2021లో వచ్చిన విండోస్ 11 అడ్డుగోడను హార్డ్‌వేర్‌లోనే కట్టింది. భద్రత కోసం టీపీఎం 2.0, సెక్యూర్ బూట్, ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. బోర్డు కొత్తదైతే పని తేలికే. బయోస్‌లో టీపీఎం కోసం ఇంటెల్‌కు పీటీటీ, ఏఎమ్‌డీకి ఎఫ్‌టీపీఎం ఆన్ చేయాలి, పాత ఎంబీఆర్ విభజన ఉన్న డిస్కును జీపీటీగా మార్చి యూఈఎఫ్‌ఐ బూట్ పెట్టాలి. ముందు బూట్ పద్ధతి మార్చి డిస్కు మార్చడం మరిచిపోతే ఉన్న విండోస్ కూడా తెరుచుకోదు. బోర్డు పాతదైతే ఇవేవీ పనికిరావు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగియడంతో అలాంటి సిస్టమ్‌లకు బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మార్చడమో లినక్స్ వేయడమో మిగిలాయి. క్యాబినెట్టు, డిస్కు, మానిటర్ అలాగే ఉంచి లోపలి మూడూ మార్చుకునే వీలు అసెంబుల్డ్ పెట్టెకు మొదటి నుంచీ ఉన్నదే.